తీగలు చెరిపే ల్యాప్‌టాప్

నాతో చదివినవాళ్ళంతా మెడలో ఐడీ కార్డులు వేసుకుని హైటెక్ సిటీ వైపు కంపెనీ బస్సులెక్కుతున్న రోజుల్లో, నేను మధురానగర్ నుంచి వచ్చి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర దిగి, ఫిల్మ్‌నగర్‌కు షేర్ ఆటో ఎక్కేదాన్ని. అక్కడొక చిన్న గ్రాఫిక్స్ ఆఫీసులో నా ఉద్యోగం తీగలు చెరపడం. ఫైట్లలో మనుషుల్ని గాల్లోకి లేపే ఉక్కు తీగలు తెరమీద కనిపించకూడదు. కెమెరా కదలకుండా, మనిషి లేని ఖాళీ చోటును కూడా తీసిపెట్టుకుంటారు. తీగ ఉన్నచోట ఆ ఖాళీ చోటు ముక్కల్ని అతికించుకుంటూ పోవాలి. ఏం పని చేస్తున్నావని అమ్మ అడిగితే, "లేనట్టు చేయడం" అని చెప్పేదాన్ని.

ఒకసారి తీగ సరిగ్గా హీరో ముఖం మీదుగా వెళ్ళింది. ముఖం మీద ఖాళీ చోటు ముక్కలు అతికించలేం కదా. ఆ సంగతి మా ఆఫీసుకొచ్చాకే బయటపడింది. అప్పటికి సెట్టు విప్పేశారు. డైరెక్టర్ గారు మండిపడ్డారు. ఇకమీదట ఫైటు తీసిన చోటే, తీసిన వెంటనే తీగ పోతుందో లేదో చూపించాలన్నారు. మా ఆఫీసు నడిపే సార్ నన్ను పిలిచి, "లొకేషన్‌కి మోసుకెళ్ళగలిగే మిషన్ కావాలమ్మా. రోజూ దానిమీద కూర్చునేది నువ్వే కాబట్టి నువ్వే చూడు," అన్నారు.

షాపులో అమ్మకాల కుర్రవాడు వెండి రంగు ల్యాప్‌టాప్ తెరిచాడు. పలచగా, వేళ్ళ మీద ఆడించేంత తేలిగ్గా ఉంది. నేను మా సాఫ్ట్‌వేర్, మా షాటు ఒక హార్డ్ డిస్క్‌లో పెట్టుకుని వెళ్ళాను. అందులో వేసి ఆడిస్తే మనిషి గాల్లో ఆగుతూ ఆగుతూ, నత్తిగా ఎగిరాడు. రెండోదీ అంతే. అప్పుడతను లోపలికెళ్ళి, ఇంజనీర్లు బొమ్మలు గీసుకోవడానికి కొంటారంటూ ఒక నల్లటి బరువైన పెట్టెను పట్టుకొచ్చాడు. గ్రాఫిక్స్ కార్డు వేరే రకం, మెమరీ ఎక్కువ, తెరమీద మెరుపు లేదు. షాటు వేశాను. మనిషి ఎక్కడా ఆగకుండా ఎగిరి, నేలమీద వాలాడు. నేను అలాగే నిలబడిపోయాను. ఆఫీసులో బల్లకింద గదంతా వేడెక్కించే పెట్టె చేసే పని, ఇది చేతుల్లో పట్టుకుంటే చేసింది.

"ఇదేంటమ్మా, ఇటుకలా ఉంది?" అన్నారు డబ్బు కట్టడానికి వచ్చిన సార్.

"ఇదే కావాలండీ," అన్నాను.

దాన్ని మొదటిసారి తీసుకెళ్ళింది షేక్‌పేట దాటాక ఉన్న రాళ్ళగుట్ట మీదికి. ఎండ మాడుస్తోంది. హీరోయిన్ బదులు ఎత్తయిన బండమీంచి దూకడానికి బోరబండ నుంచి ఒకావిడ వచ్చింది. పెళ్ళికి ముందు నుంచీ ఫైటర్. హీరోయిన్ వేసుకున్నటువంటి ఎర్ర లంగా ఓణీలో, లోపల తీగలు తగిలించే బెల్టుతో, నా గొడుగు నీడలోకి వచ్చి కూర్చుంది. వెంటనే అక్కా అని పిలవాలనిపించే మనిషి.

పొద్దున్నే ఒక థర్మాకోల్ రాయి పగిలే షాటు తీశారు. తర్వాత అక్క దూకింది. కెమెరాకు తగిలించిన వైరు ద్వారా ఆ బొమ్మ నా ల్యాప్‌టాప్‌లోకి వచ్చింది. తీగ చెరపడం మొదలుపెట్టాను. కాసేపటికే తెర నల్లబడి, మిషన్ ఆగిపోయింది.

"ఏంది చెల్లె, బందయ్యిందా?" అంది అక్క.

మళ్ళీ వేశాను. మళ్ళీ ఆగింది. జనరేటర్ కరెంటు బాగోలేదేమో అన్నారు సార్. చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపాను. అయినా ఆగింది. అయితే కరెంటు కాదు. షాటు తెరవకుండా ఊరికే ఏవో రెండు వాక్యాలు టైపు చేస్తూ కూర్చుంటే హాయిగా నడిచింది. షాటు తెరవగానే మళ్ళీ చీకటి. బరువైన పని పెడితేనే ఆగుతోంది. అంటే వేడి. పక్కనున్న జాలీ దగ్గర చెయ్యి పెట్టాను. వేడిగాలి తోసుకురావాల్సిన చోట ఏమీ లేదు. చెవి ఆనించాను. ఫ్యాను తిరుగుతున్న హోరు లేదు, టిక్కు టిక్కుమని ఏదో తడుతోంది. తల ఎత్తేసరికి నా చున్నీ నిండా అంటుకున్న తెల్లటి థర్మాకోల్ పూసలు కనిపించాయి.

డైరెక్టర్ గారు దూరం నుంచి చూస్తున్నారు. లైట్లవాళ్ళ దగ్గర స్క్రూడ్రైవర్ తీసుకుని, బ్యాటరీ ఊడదీసి, అడుగు మూత విప్పాను. విప్పి ఒక్క క్షణం పని మరిచిపోయాను. ల్యాప్‌టాప్ లోపలి భాగాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. రాగి గొట్టాలు వంపులు తిరుగుతూ, గుట్ట మీది ఎండకు తళతళలాడుతున్నాయి. మధ్యలో పచ్చటి పలక మీద గసగసాలంత ముక్కలు బారులు తీరి ఉన్నాయి. ఇంత చిన్నచోట ఇంత అమరిక ఎవరు కూర్చారో, ఏ చేతులో!

"దేవుని గుడి లెక్కుంది," అంది అక్క మెల్లగా, వంగి చూస్తూ.

ఫ్యాను రెక్కల మధ్య ఒక పూస ఇరుక్కుని ఉంది. ఊదితే కదల్లేదు. మేకప్ ఆయన కనుబొమలు సరిచేసే పట్టకారు ఇచ్చాడు. దాంతో ఊపిరి బిగబట్టి లాగాను. మూత బిగించి ఆన్ చేస్తే ఫ్యాను హోరెత్తింది. అరచేతికి తగిలిన ఆ వేడిగాలి నాకు చల్లగా అనిపించింది.

భోజనాల వేళకు పని అయింది. డైరెక్టర్ గారు, ఫైట్ మాస్టర్ వచ్చి నిలబడ్డారు. అక్క నా భుజం మీంచి చూస్తోంది. తెరమీద బండ అంచున ఎర్ర ఓణీ మనిషి నిలబడింది. దూకింది. తీగ లేదు, బెల్టు జాడ లేదు. నీలం ఆకాశంలో లంగా విచ్చుకుని, ఒక మనిషి ఎగురుతోంది.

"తాళ్ళు ఏడికి పోయినయ్?" అంది అక్క. "గిది నేనేనా?"

"నువ్వేనక్కా."

"ఎన్నేండ్ల సంది దుంకుతున్న. థియేటర్ల ఒక ముక్క కనబడతది, పోతది. గిట్ల మొత్తం ఎన్నడు జూడలే." తెర దగ్గరికి వేలు తెచ్చింది కానీ తాకలేదు. "మల్ల ఒక్కసారి పెట్టు చెల్లె."

పెట్టాను. చాలాసార్లు పెట్టాను. ఆఖరికి ఆవిడ మాస్టర్ వైపు తిరిగి, "ఇంగోసారి దుంకుతా మాస్టర్," అంది.

"ఎందుకమ్మా? షాటు ఓకే అయింది కదా," అన్నాడాయన.

"చేతులు దగ్గరికి ముడుసుకుంటున్న. నాకే తెల్వదు గీ సంగతి. ఇప్పుడు జూసిన గద, ఇప్పుడు దుంకుతా."

మాస్టర్ డైరెక్టర్ గారి ముఖం చూశాడు. ఆయన తలూపారు.

ఈసారి అక్క చేతులు రెండూ బార్లా చాపి గాల్లోకి వెళ్ళింది. అన్నం పళ్ళాలు పట్టుకున్నవాళ్ళు తినడం ఆపారు. ఉక్కు తీగ ఎండలో స్పష్టంగా మెరుస్తూనే ఉంది. అయినా ఆ క్షణంలో అది నాకు కనిపించలేదు. నా మిషన్ ఇంకా దాన్ని ముట్టుకోనేలేదు.

సినిమాలో ఆ దూకడం రెప్పపాటే ఉంది, అదీ హీరోయిన్ ముఖంతో. ఆ ముఖం అతికించింది కూడా నేనే. అంతకుముందే సార్‌ను అడిగి, సినిమా వచ్చాక ఇస్తానని మాటిచ్చి, అక్క ముఖం ఉన్న షాటును సీడీలోకి ఎక్కించి దాచాను. సినిమా విడుదలయ్యాక దాన్ని పంపాను. అందిన మర్నాడు అక్క ఫోన్ చేసింది. వెనక పిల్లల కేకలు వినిపిస్తున్నాయి.

"మా గల్లీ మొత్తం మా ఇంట్లనే ఉంది చెల్లె. మా అత్తమ్మ అయితే టీవీ ముంగటికెల్లి లేస్తలేదు. జర ఆగు, మల్ల పెట్టమంటున్నరు," అని, నేను మాట్లాడేలోగానే ఫోన్ పెట్టేసింది.