మంచం వెనుక గోడ

చిన్నదాని దిండు ఎండలో వేద్దామని తీశాను. గోడకు ఆనిన వైపు నల్లటి చుక్కలు. వేలితో రాస్తే బూజు అంటుకుంది. మూడు వారాలుగా దగ్గుతున్న పిల్ల రోజూ ఆ దిండులోనే ముఖం పెట్టుకుని పడుకుంటోంది.

మంచం పక్కకు లాగాను. క్రిస్మస్‌కు మేమే సున్నం కొట్టిన గోడ అది. కొట్టేముందు అక్కడ అరచేయంత మచ్చ ఉంది. ఇంటావిడకు చెబితే ఇల్లు ఖాళీ చేయమంటుందేమోనని, ఇంకో రెండు పూతలు వేసి ఊరుకున్నాను. ఇప్పుడది మంచమంత పొడవైంది.

మార్కాపురం తీసుకెళ్తే పిల్లల డాక్టరు, "ఇంట్లో చెమ్మ ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. "ఆ గదిలో పడుకోబెట్టొద్దు. ఊపిరిలో ఈ పిల్లికూతలు ఎక్కువైతే ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుంది" అన్నాడు. మాకున్నవి ఆ గది, వంటిల్లు, అంతే.

ఆ గోడకు అవతల ఇంటావిడ స్నానాల గది. వెళ్ళి చెప్పాను.

"చెమ్మా? మన ఊర్లోనా?" అని నవ్వింది. "తాగే నీళ్ళకే ట్యాంకరు కోసం కాచుకోని ఉంటే, గోడకు తాపేదానికి నా కాడ యాడివమ్మా నీళ్ళు?"

"మీ పైపు కారతాందేమో అత్తా."

"నా పైపు గాదు. గోడకానిచ్చి పెట్టుకున్నావే నీళ్ళ డ్రమ్ములు, అవి. అయినా డిగ్రీ చదివినదానివి, సున్నం కొట్టేటప్పుడు కండ్లు మూసుకున్నావా?"

కుళాయి నాలుగు రోజులకోసారి వస్తుంది కాబట్టి డ్రమ్ములు గదిలోనే పెట్టుకున్న మాట నిజం.

"అప్పుడు చెప్పకపోవడం నా తప్పే అత్తా. డ్రమ్ములు ఈ పొద్దే బయట పెడతా. నాలుగు రోజులు చూద్దాం. మచ్చ పెరిగితే మాత్రం పైపు మీరే బాగుచేయించాల."

"పెరక్కపోతే?"

"గోడ నేను బాగుచేయిస్తా."

డ్రమ్ములు బయటికి జరిపి, ఆమెను పిలిచి, ఆమె ఎదుటే మచ్చ చుట్టూ పెన్సిలుతో గీత గీశాను. పిల్లలిద్దరినీ వంటింట్లో పడుకోబెట్టాను. చిన్నది ఊపిరి తీసిన ప్రతిసారీ కూత వినిపిస్తుందేమోనని చెవి అటే పెట్టేదాన్ని. మూడో రోజుకు కూడా మచ్చ గీత దాటలేదు. అప్పుడు ఇంకా భయమేసింది. పిల్ల ఊపిరికి అడ్డం పడింది నా డ్రమ్ములే అయితే?

నాలుగో రోజు సాయంత్రం చూస్తే, గీత దాటి రెండు వేళ్ళంత మేర నల్లబడి ఉంది. ఇంటావిడను పిలిచాను. ఆమె గోడ మీద అరచేయి ఆనించి చూసింది. చెయ్యి తడిసింది. కొంగుకు తుడుచుకుంది.

"మేస్త్రీని పిలిపిస్తాలే" అంది చివరికి. గుమ్మం దాకా వెళ్ళి, వంటింట్లో పరిచి ఉన్న బొంత చూసి ఆగింది. "గ్యాసు కాడనా పిల్లను పండబెట్టేది? బుద్ధుందా నీకు? గోడ ఆరిందాకా మా ముందర గదిలో పండుకోండి, రేపట్నించి."

మర్నాడు పొద్దున ఇంటావిడ అన్న ఆ మాటే పిల్లలకు చెప్పాను.

"అవ్వ ఊరికే అరస్తాది గదమ్మా?" అన్నాడు పెద్దవాడు.

"అరస్తాది. అయినా ఆడనే పండుకుందాం" అన్నాను.