మూరెడు నొగ

మా బావ ముందు "పట్టదు" అనే మాట అనకూడదు. అన్నామా, ఇక అంతే సంగతులు. బట్టలు పెట్టెలో పట్టవనండి, మంచం గదిలో పట్టదనండి, మీ కాలు మీ బూటులో పట్టదనండి, ఆయన చేస్తున్న పని అక్కడే వదిలేసి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ "ఎందుకు పట్టదు?" అని వచ్చేస్తాడు. వచ్చాక ఇక ఆ మంచానికి గానీ ఆ కాలికి గానీ సొంత అభిప్రాయం ఉండటానికి వీల్లేదు.

ఇందులో వింతేమిటంటే, ఆయన ఉద్యోగం పార్సిల్ ఆఫీసులో. అక్కడ పొద్దస్తమానం చేతిలో టేపు పట్టుకుని కూర్చుంటాడు. మూట అంగుళం పొడుగైతే చాలు, వెనక్కి పంపేస్తాడు. అలా వెనక్కి వచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

"బావా, నేను!" అన్నాను.

"ఇక్కడ బావా లేడు, బామ్మర్దీ లేడు. కొలతే ఉంది. తర్వాత ఎవరండీ?" అన్నాడు.

అదే మనిషి సాయంత్రం ఇంటికి రాగానే టేపును మేకుకు తగిలించి, పక్కనే బుద్ధిని కూడా తగిలిస్తాడని మా అక్క అంటుంది.

ఆ మధ్య ఒక పాత అల్మారాను మేడమీదికి ఎక్కించాలన్నాడు. మోసేవాళ్ళు మెట్ల మలుపు చూసి, పట్టదండీ అన్నారు. పాపం, కొత్తవాళ్ళు. అరగంటలో అల్మారా మలుపులో బిగుసుకుపోయింది. పైనున్న అక్క పైనే, కిందున్న మేము కిందే. చివరికి బావ దాని వెనక చెక్క ఊడదీశాడు. ఆ వారమంతా మేడమీదికి వెళ్ళాలంటే అల్మారా తలుపు తెరిచి, అరల సందులోంచి దూరి, అటువైపు తేలేవాళ్ళం. చూడవచ్చిన చుట్టాలు మర్యాదగా అల్మారా తలుపు తట్టి, "రావచ్చా?" అని అడిగి మరీ పైకి వెళ్ళారు. బావ మాత్రం మెట్లకింద నిలబడి, "పట్టిందా లేదా?" అని అందరినీ అడిగాడు.

వంటింట్లో ఫ్రిజ్ కూడా అలాగే పట్టింది. దాని తలుపు తీయాలంటే వంట చేసేవాళ్ళు హాల్లోకి రావాలి.

అలాంటి మనిషి పడవ కొన్నాడు.

నీళ్ళమీద తిరగాలని ఆయనకు చిన్నప్పటి నుంచీ కోరిక. ఊరవతల రిజర్వాయరు ఉంది, ఇంట్లో పాత కారు ఉంది, మధ్యలో పడవ ఒక్కటే లోటు అనేవాడు. ఎవరో వాడి వదిలేసిన పడవ ఒకటి దొరికింది. దాంతోపాటు దాన్ని మోసే రెండు చక్రాల బండి కూడా వచ్చింది. ఆ బండికి ముందు భాగాన, ఎడ్లబండికి ఉన్నట్టే, పొడుగ్గా ఒక నొగ. ఇది ఇనపది. దాని కొసన కారుకు తగిలించే కొక్కెం.

వీధి వీధంతా చూస్తుండగా బావా నేనూ బండిని వెనక్కి నెట్టాం. పడవ గ్యారేజీలోకి వెళ్ళింది. చక్రాలు వెళ్ళాయి. నొగ కూడా చాలావరకు వెళ్ళింది. మూరెడు మాత్రం గుమ్మం దాటి, కాలిబాట మీదికి చెయ్యి చాపింది. షట్టరు లాగితే ఆ ఇనుము మీద టంగుమని ఆగిపోయింది.

"బావా, ఇది..." అన్నాను.

"ఆ మాట అనకు" అన్నాడు బావ.

ఆ సాయంత్రమే వీధి సంఘం కార్యదర్శి నడకకు బయలుదేరి, మోకాలి కింద ఎముకతో సరిగ్గా ఆ కొక్కేన్ని కనుగొన్నాడు. ఆయన వేసిన కేకకు మూడిళ్ళవతల కుక్క కూడా లోపలికి పరిగెత్తింది.

"ఏమండీ, ఇది కాలిబాటా, రేవా? ఆదివారం సాయంత్రానికి ఈ షట్టరు నేలకు తాకాలి. తాకకపోతే మున్సిపాలిటీ లారీ వచ్చి పడవను ఎత్తుకుపోతుంది. నేనే పిలుస్తాను" అన్నాడు, కాలు రుద్దుకుంటూ.

"లారీ దాకా ఎందుకండీ, నేనే అమ్మేస్తాను" అంది అక్క.

బావ మొహం వాడిపోయింది. పడవ వచ్చి ఇంకా ఒక పూట కాలేదు, దాని అడుగు తడవనే లేదు. అప్పుడే దానికి రెండువైపుల నుంచీ శత్రువులు.

ఇక్కడ గ్యారేజీ సంగతి కొంచెం చెప్పాలి. దాని వెనక గోడకు ఆనించి, ఇంట్లోకి వెళ్ళే తలుపు పక్కన, ఒక బల్ల ఉంది. దానిమీద కుట్టుమిషను. అది మా పిన్నిది, అంటే మా అమ్మ చెల్లెలిది. బాబాయి పోయిన తర్వాత మూడేళ్ళ క్రితం మా అక్క దగ్గరికి వచ్చింది. పొద్దున్నుంచీ ఆ బల్ల దగ్గర కూర్చుని, దుకాణాలకు కర్టెన్లూ దిండు గలీబులూ కుట్టి ఇస్తుంది. తన అడుగు పడితే నేలకు నొప్పి పుడుతుందేమో అన్నట్టు నడిచే మనిషి. దాహం వేసినా మంచినీళ్ళు అడగదు. "మీరెలాగూ తాగుతుంటే నాకూ ఓ గుక్క" అంటుంది.

కార్యదర్శి వెళ్ళేముందు గ్యారేజీలోకి తొంగిచూశాడు. "ఆ వెనకాల బల్ల ఉంది చూడండి, దాన్ని కాస్త..." అన్నాడు.

ఢాం! బావ చేతిలోని సుత్తి రేకుడబ్బా మీద పడింది.

"ఏమన్నారు?"

"అదేనండీ, ఆ బల్ల..."

ఢాం! ఈసారి డబ్బా సుత్తిమీద పడింది. కార్యదర్శి రెండో కాలు కూడా పోతుందని భయపడి వెళ్ళిపోయాడు. నాకూ అదే ఆలోచన వచ్చి, "అవును బావా, ఆ బల్ల..." అనబోయాను. బావ నా పాదం మీద తన యావచ్ఛరీరం మోపి నిలబడ్డాడు. బావమరిది బతకగోరతాడంటారు. బావ సంగతి ఎవరూ చెప్పలేదు.

మర్నాడు బండిని ఐమూలగా పెట్టి చూశాం. నొగ లోపలికి వచ్చింది గానీ, పడవ వెనక భాగం ఇంట్లోకి వెళ్ళే తలుపుకు అడ్డం పడింది. పిన్నికి కాఫీ ఇవ్వడానికి అక్క కప్పు పట్టుకుని పడవెక్కి, అటువైపు దిగింది.

"రోజుకు నాలుగుసార్లు రేవు దాటడం నావల్ల కాదు" అంది.

"నాకు కాఫీ వద్దులేవే, మానేస్తాను" అంది పిన్ని గబగబా.

ఆ మాట వినగానే బావ బండిని మళ్ళీ తిన్నగా తిప్పేశాడు. పడవను ముందుకు జరిపి చూశాం, వెనక్కి జరిపి చూశాం, చక్రాల్లో గాలి తీసి చూశాం. గాలి ఎందుకు తీశామో నాకు ఇప్పటికీ తెలియదు. మూర మూరలాగే ఉంది.

ఇక లాభంలేదని వెల్డరును పిలిచాడు. అతను నొగను తట్టి చూసి, నమిలినట్టుగా నెమ్మదిగా మాట్లాడాడు.

"కోసేద్దాం సార్."

"కోసెయ్."

"కోస్తే మళ్ళీ కష్టం సార్. నొగ కురచైతే, మలుపు తిరిగేటప్పుడు పడవ ముక్కు వచ్చి కారు వెనకద్దం పగలగొడుతుంది."

"మరి కోద్దామన్నావు?"

"కోసి, మడతబందు పెడదాం. గ్యారేజీలో ఉన్నప్పుడు తలుపులాగా పక్కకి మడిచెయ్యండి. రోడ్డెక్కేటప్పుడు చాపి, ఇంత లావు చీల బిగించండి." అంతవరకూ బాగానే ఉంది. అప్పుడతని చూపు వెనక్కి పోయింది. "అయినా ఇంత తంటా ఎందుకు సార్? ఆ బల్ల..."

బ్ర్ర్ర్ర్! బావ కటింగ్ మిషను ఆన్ చేశాడు. దానికింద నొగ లేదు, ఇంకేమీ లేదు.

"ఏం కోస్తున్నారు సార్?" అని అరిచాడు వెల్డరు.

"పనిచేస్తోందో లేదో చూస్తున్నా!" అని అరిచాడు బావ. వెల్డరు బల్లమీంచి చూపు తిప్పుకునేదాకా ఆయన గాలిని కోస్తూనే ఉన్నాడు.

మొదటిసారి మడతబందు తప్పుగా పడింది. పక్కకి తిరగాల్సిన నొగ పెట్టె మూతలా పైకి లేచింది. క్లాసులో జవాబు తెలిసిన పిల్లాడిలా చెయ్యెత్తి నిలబడింది. తప్పు వెల్డరుది కాదు. నొగను పట్టుకుని, "ఇలాగే, ఇలాగే అతికించు" అన్నది బావే. మళ్ళీ కోసి, మళ్ళీ అతికేసరికి శనివారం పొద్దుపోయింది. అక్క మాత్రం పడవ కొనేవాళ్ళెవరైనా ఉన్నారా అని నాలుగిళ్ళలో వాకబు చేసి వచ్చింది.

ఆదివారం సాయంత్రం కార్యదర్శి వచ్చాడు. చేతిలో కర్ర, వెనక సగం వీధి. బావ గ్యారేజీలోనే నిలబడ్డాడు. నొగ మడతపెట్టే ఘనకార్యం తన చేతుల మీదుగానే జరగాలట. చీల తీశాడు. కిర్రుమని నొగ పక్కకి తిరిగింది.

"లాగరా!" అన్నాడు లోపల్నుంచి.

లాగాను. షట్టరు జరజరా దిగి, నేలను తాకింది. జనం చప్పట్లు కొట్టారు. కార్యదర్శి కింద సందులో కర్ర పెట్టి చూశాడు. దూరలేదు. "ఊఁ, సరే" అని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. లారీ గండం గడిచింది.

"మీ బావ ఏడిరా?" అంది అక్క.

"బాగానే పట్టింది!" అని లోపల్నుంచి నీరసంగా వినిపించింది. వెనక పడవ, ముందు షట్టరు, పొట్టమీద మడతబెట్టిన నొగ. ఆ మధ్యలో మా బావ.

షట్టరు పైకి లేపడానికి వంగాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. లోపల పిన్ని మాట్లాడుతోంది. పిన్ని గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

"అల్లుడుగారూ, నేను చెవిటిదాన్ని కాను. వారం రోజులుగా చూస్తున్నాను. బల్ల మాట ఎవరెత్తినా సుత్తి కిందపడుతోంది."

"చేతులు జారుతున్నాయండీ, వయసు."

"మొన్న మిషనుతో గాలిని కోశారు."

"అది... మామూలేనండీ, అలా కోయాలి ముందు."

"నా బల్ల పక్కకి తీస్తే మీ పడవ మొదటిరోజే లోపలికి వచ్చేది. నాకొక్క మాట చెబితే నేనే తీసుకునేదాన్ని కదా?"

లోపల నొగ కిర్రుమంది. తర్వాత బావ అన్నాడు: "తెలుసండీ. మీరు తీసేస్తారు. ఇవాళ బల్ల తీస్తారు, రేపు మిషను తీస్తారు, ఎల్లుండి మీరే లేచి వెళ్ళిపోతారు. బల్లకింద మీ సంచీ ఎప్పుడూ సర్దే ఉంటుంది."

"చూశారా?"

"ఊడుస్తుంటే చీపురు తగిలింది. ప్రతి ఆదివారమూ తగులుతుంది."

అక్క షట్టరుకు ఆనుకుని, మెల్లగా చెప్పింది:

"పిన్ని ఇక్కడికి రాకముందు రెండిళ్ళు తిరిగిందిరా. మంచం పట్టదమ్మా అన్నారు ఒకరు. మిషను పట్టదు అన్నారు ఇంకొకరు. ఇక్కడికొచ్చి, గేటు అవతలే నిలబడి, 'మిషను పట్టదేమో కదే' అని తనే అనేసింది. నేను నోరు తెరిచేలోపు మీ బావ వెనకనుంచి 'ఎందుకు పట్టదు?' అని అరిచారు. ఆ మాట ఆయన నోట అదే మొదలు. అంతకుముందు దిండు కొనాలన్నా టేపు పెట్టి కొలిచేవారు."

అప్పుడు అర్థమైంది నాకు. ఆయనకు కొలతలు రాక కాదు. ఫలానాది ఈ ఇంట్లో పట్టదు అన్న మాట పిన్ని చెవిన పడకూడదు, అంతే. దానికోసం మెట్లమీద అల్మారా బిగించాడు, వీధి చేత నవ్వించుకున్నాడు, ముచ్చటపడి కొనుక్కున్న బండిని రెండుసార్లు కోయించాడు. ఇన్నాళ్ళూ నేను పిచ్చి అనుకున్నది మంచితనమని తెలిసి, ఆ క్షణాన మా బావంటే నాకు ఎంత ఇష్టం కలిగిందో చెప్పలేను.

షట్టరు లేపాను. బావ పొట్టమీద మడతబందు అచ్చు, నాలుగు బోల్టులతో సహా, స్పష్టంగా పడింది.

"ఏంటి, ఇద్దరూ అలా ఉన్నారు?" అన్నాడు.

"వెల్డింగు పొగ" అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ. వెల్డింగు నిన్ననే అయిపోయింది.

తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి మడిచిన నొగకు ఒక తొడుగు కనిపించింది. ఎవరి మోకాలికీ తగలకుండా, లోపల దూదిపెట్టి, రెండు వరసల కుట్టుతో, కొక్కెం దగ్గర తాడుముడి వేసి కుట్టింది పిన్ని. నీలిచారల మందపాటి గుడ్డ. ఎక్కడిదబ్బా ఇంత గట్టి గుడ్డ అని తిప్పి చూస్తుంటే, పక్కన పాత సంచీ పిడి ఊడదీసిన గుర్తు కనబడింది. బల్లకింద చూశాను. ఖాళీ.

అక్కకు చూపించాను. ఈలోగా మిషను ఆగింది.

"అల్లుడుగారూ!" అంది పిన్ని. "ఆ పడవను ఒక జానెడు ముందుకు జరపాలి మీరు. పొద్దున్నుంచీ కాళ్ళు చాపుకోవడానికి లేదు నాకు."

అక్క చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. మూడేళ్ళలో ఆ మనిషి తనకంటూ ఏదైనా కావాలని అడగడం అదే మొదలు. బావ ఒక్క ఉరుకున వెళ్ళి మేకుకు ఉన్న టేపు తెచ్చాడు. బల్లనుంచి పడవకు కొలిచాడు, పడవనుంచి షట్టరుకు కొలిచాడు. షట్టరు దగ్గర వేలు దూరే సందు కూడా లేదు. అయినా వెంటనే వెల్డరుకు ఫోను చేశాడు.

"మళ్ళీ రావాలయ్యా. ఇంకో జానెడు తగ్గించాలి" అన్నాడు.

అవతల అతను ఏదో గట్టిగానే అడిగాడు. బావ ఫోను పట్టుకుని కాలిబాట మీదికి నడిచాడు. ఇంట్లో పెళ్ళి కుదిరినవాడిలా వెలిగిపోతూ, వీధంతా వినబడేలా జవాబు చెప్పాడు:

"ఎందుకేంటయ్యా? మా అత్తయ్యగారికి చోటు చాలట్లేదట!"