బెల్టు మీద నీటి గీత

ఇది రాసిపెట్టడానికి కారణం మా అత్తగారు. ఆమె ఇద్దరు కూతుళ్ళను నేనూ మా షడ్డకుడూ చేసుకున్నాం. ఇద్దరం సౌదీలోనే ఉంటాం. నడిచే కారును నా అనుమానంతో ఆపేశానని, షడ్డకుడి పిల్లలు విమానం దిగే రోజున వాళ్ళ నాన్న ముచ్చట తీరనివ్వలేదని ఆమె కర్నూలులో ఇప్పటికీ చుట్టాలకు చెబుతోంది. ఫోనులో నేను చెప్పబోతే సగంలోనే వేరే మాట ఎత్తుతుంది. కాగితం మీద ఉంటే మధ్యలో మాట మార్చడానికి ఉండదు. పేర్లు రాయనని షడ్డకుడికి మాటిచ్చాను కాబట్టి వరుసలతోనే రాస్తున్నాను.

అతను నాకంటే చిన్నవాడు. రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఏసీ టెక్నీషియన్. నేను అల్ ఖోబర్‌లో విడిభాగాల గోదాము చూస్తాను. అక్కడే అల్ అజీజియాలో మాది కింది వాటా. ముందు గోడ కట్టిన ఖాళీ జాగా ఉంది, ఇక్కడ దాన్ని హోష్ అంటారు. పైన రేకులు వేయించాను. ఆ రేకుల నీడ కోసమే అతను కారును మా ఇంటికి తెచ్చాడు.

రెండు తలుపుల అమెరికా స్పోర్ట్స్ కారు అది. ఇంజను తిరగదు. రియాద్‌లో, మలాజ్‌లో ఉండే మా పక్క జిల్లా మనిషి అమ్మాడు. కారు సొంతదారు పై చదువుకు పోయాడని, రెండేళ్ళు నీడన పడి ఉండడంతో బ్యాటరీ చచ్చిపోయిందని, అంతకు మించి ఏ లోపమూ లేదని చెప్పాడట. మన పక్కవాడే కదా అని షడ్డకుడు కారు కింద వంగి కూడా చూడలేదు. లారీ మీద వేయించుకుని వచ్చాడు.

మధ్యాహ్నపు ఎండలో తలుపు తీయగానే ఒక వాసన నా ముక్కుకు తగిలింది. అది నాకు బాగా తెలిసిన వాసన. నేను బడిలో చదివింది ఇంటర్ వరకే. మిగిలిన చదువంతా మా ఊరి గ్రంథాలయంలో చదివాను, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే. ఒక ఏడు ఆ గ్రంథాలయంలోకి ఏటినీళ్ళు వచ్చాయి. పుస్తకాలు మిద్దె మీద ఆరబెట్టడానికి పోయినవాళ్ళలో నేనూ ఉన్నాను. తడిసిన పుస్తకం ఎంత ఎండినా, వేడి తగిలితే బురద వాసన మళ్ళీ లేస్తుంది. ఎండకు ఎండిన రియాద్‌లో రెండేళ్ళు నిలబడిన కారులోంచి ఆ వాసన ఎందుకు రావాలి?

అమ్మినవాడికి ఫోను చేశాను. లోపల ఏదో వాసన వస్తోంది, ఏమై ఉంటుందని మాత్రమే అడిగాను.

"మన పక్కోనికి నీళ్ళల్లో మునిగిన బండి అంటగడతానా అన్నా? మీ షడ్డకుడు నాకు తమ్ముడి లెక్క" అన్నాడు.

నేను అడిగింది వాసన గురించి. నీళ్ళ మాట తెచ్చింది అతనే.

షడ్డకుడు కొట్టిపారేశాడు. ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టం మూసుకుపోతే కార్పెట్టు కిందికి నీళ్ళు దిగుతాయని, అది తన రోజువారీ పనేనని, ఆ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పనక్కర లేదని అన్నాడు. అది నిజం కూడా కావచ్చు. అందుకని వారమంతా నోరు మూసుకున్నాను. కానీ ఏసీ నీళ్ళు పై నుంచి కిందికి కారుతాయి, వరదనీళ్ళు కింది నుంచి పైకి లేస్తాయి. గ్రంథాలయంలో ఒక వరుసలోని పుస్తకాలన్నిటి మీదా గీత ఒకే ఎత్తున పడింది. ఆ గీత కోసం కారంతా వెతికాను. తుడవగలిగిన చోటల్లా ఎవరో శుభ్రంగా తుడిచారు. చివరికి సీటు బెల్టును కొసదాకా బయటికి లాగాను. ఎప్పుడూ పక్క స్తంభం లోపలే నిలువుగా ఉండే భాగంలో మట్టిరంగు గీత కనిపించింది. రెండో వైపు బెల్టు కూడా లాగాను. అదే ఎత్తున అదే గీత.

అప్పటికి అతను ట్యాంకులోని పాత పెట్రోలు తీసేసి, పంపు మార్చి, ఇంజను తిప్పేశాడు. ఆ చప్పుడుకు మా ఆవిడ కూడా వంటింట్లోంచి బయటికి వచ్చి నిలబడింది. బయట రంగు మార్చాలంటే ట్రాఫిక్ వాళ్ళ అనుమతి కావాలి. అందుకని అతను తన ముచ్చటంతా లోపలే తీర్చుకున్నాడు. సీట్లకు ఎర్రతోలు, మీటరుకు ఎర్ర డయళ్ళు, గేరు చుట్టూ ఉన్న పెట్టెకు తన చేత్తో అతికించిన ఎర్రతోలు. అది వంకర లేకుండా బిగించడానికి అతను పడిన పాట్లు నేను చూశాను. విజిట్ వీసా మీద వచ్చే భార్యనూ ఇద్దరు పిల్లలనూ ఈ కారులోనే దమ్మాం విమానాశ్రయం నుంచి రాస్ తనూరాకు తీసుకుపోవాలని అతని కోరిక. వాళ్ళు దిగేది శుక్రవారం.

ఎర్రతోలు అతికించిన ఆ పెట్టె అడుగునే ఎయిర్‌బ్యాగులను నడిపే యంత్రం ఉంటుందని నా దగ్గరున్న రిపేరు పుస్తకంలో ఉంది. అక్కడికి నీళ్ళు చేరి ఉంటే గుద్దుకున్నప్పుడు బ్యాగు తెరుచుకోకపోవచ్చు, లేదా ఏమీ లేకుండానే మొహాన పేలవచ్చు. బెల్టు మీద గీత ఆ పెట్టె కంటే చాలా పైన ఉంది.

గురువారం మధ్యాహ్నం అతను రాగానే బెల్టు చూపించాను. చూసి, బెల్టు వదిలేశాడు. అది సర్రున లోపలికి పోయింది.

"ఎయిర్‌బ్యాగు లైటు వెలగడంలేదు కదన్నా. లైటు లేదంటే తప్పు లేదని" అన్నాడు.

"తాళం తిప్పంగానే కాసేపు వెలిగి ఆరిపోవాల. ఇది వెలగనే లేదు."

"బండికి దయ్యం పడితే ఏం చేయాల్నో కూడా రాసుంటాడేమో చూడు, నీ పుస్తకంలో."

మా ఆవిడ కూడా అతని వైపే మాట్లాడింది. రేపు చెల్లెలు వస్తోంది, ఈ రోజు కూడా విప్పదీయాలా అని. నేను మీటరు మరలు విప్పడం మొదలుపెట్టాను. అతను అడ్డు రాలేదు. గేటు దగ్గరికి పోయి ఫోను చూస్తూ నిలబడ్డాడు. అరిచి మీద పడాల్సిన మనిషి దూరం పోవడం నాకు నచ్చలేదు.

మీటరు లోపల ఎయిర్‌బ్యాగు లైటు మీద నల్లటేపు ముక్క అంటించి ఉంది. రెండేళ్ళు వేడిలో ఉన్న టేపు బంకగా కారిపోవాలి. ఇది కొత్తగా మెరుస్తోంది. నా కాళ్ళ దగ్గరే అతని పనిముట్ల పెట్టె తెరిచి ఉంది, అందులో టేపు చుట్ట ఉంది. అన్నాళ్ళూ నా అనుమానం రియాద్ దిక్కునే ఉంది. ఎర్ర డయళ్ళు మార్చడానికి ఈ మీటరు విప్పింది ఎవరన్నది ఒక్కసారీ నా తలకు తట్టలేదు.

టేపు ముక్కను వేలికి అంటించుకుని గేటు దగ్గరికి పోయి అతని ముందు పెట్టాను.

అతను దాన్ని చూసి ఫోను జేబులో పెట్టుకున్నాడు. "లైటు మీద పాత టేపు ఒకటుండె, అమ్మినోడిదో ఎవరిదో తెలీదన్నా. డయళ్ళు మార్చేటప్పుడు తీసినా. లైటు వెలిగింది, ఆరలేదు. నువ్వు చూస్తే బండి కదలనియ్యవని మళ్ళ మూసినా. ఈ ముక్క నాదే."

మా ఆవిడ అక్కడే ఉంది. నేను ఇంకేమన్నా అంటానేమోనని అతను చూశాడు. అడగడానికి నా దగ్గర ఒకటే ప్రశ్న ఉంది, పిల్లలను ఎక్కడ కూర్చోబెడదామనుకున్నావని. అది అడగలేకపోయాను.

బ్యాటరీ తీగ తీసి, బ్యాగుల్లో మిగిలిన కరెంటు దిగేదాకా, పుస్తకంలో చెప్పినంతసేపూ ఆగాం. తరవాత ఆ తోలును అతనే కొస పట్టుకుని ఊడబీకాడు. అడుగున ఉన్న యంత్రం తీగలు కలిసే చోట పచ్చగా, తెల్లగా పొడి పేరుకుని ఉంది. వేలితో తాకితే ఒక పిన్ను విరిగి కింద పడింది. అతను దాన్ని ఏరి అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు.

"అన్నా, నీ బండి తాళం ఇయ్యి" అన్నాడు.

శుక్రవారం వాళ్ళు నా పాత కారులోనే పోయారు. వీడియోలో చూపించిన ఎర్రసీట్ల కారు ఏదని పెద్దపిల్ల అడిగితే, ఇంకా తయారు కాలేదని చెప్పాడట.

ఆ కారు ఇప్పుడు నడుస్తోంది. యంత్రమూ బెల్టులూ కొత్తవి వేశాం. లైటు వెలిగి, ఆరిపోతుంది. అయినా నేను ఎక్కినప్పుడల్లా అది ఆరేదాకా చూస్తాను.

కృతజ్ఞతలు చెప్పాల్సినవాళ్ళు కొందరున్నారు. తీగలన్నీ మార్చి, పాతవాటిని ఒక్కొక్కటిగా మా ముందు పరిచి చూపించిన పాకిస్తానీ ఎలక్ట్రీషియన్‌కు. ఇరుకు కారులో సామాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా మరదలికి. ఆ గురువారం చూసింది అత్తగారి చెవిన వేయకుండా ఆగిన మా ఆవిడకు. మోసం చేశాడో తనే మోసపోయాడో నేను ఇంకా తేల్చుకోలేకపోయినందున, రియాద్‌లో అమ్మినాయనకు మాత్రం చెప్పను.

మా షడ్డకుడికి చెబుతున్నాను. టేపు సంగతి రాయమన్నది అతనే. పేరు లేకపోయినా అత్తగారికి ఎవరో తెలిసిపోతుందని అన్నాను. తెలియనీ అన్నాడు. ఆ రోజు గేటు దగ్గర, ఆ ముక్క అమ్మినవాడిదేనని ఒక్క మాట అని ఉంటే, టేపు చుట్ట కళ్ళముందున్నా నేను నమ్మేవాణ్ణి.