వాసన లేని మందు

ఏసుపాదం పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. బస్సులో కూర్చోరు, కాఫీ హోటల్లో కూర్చోరు, ఆఖరికి ఆదివారం గుళ్ళో దేవుడి ఎదుట కూడా కూర్చోరు. మనిషి మంచివాడే. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన తల, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. వచ్చిన చిక్కల్లా వాసనతోనే. మురిగిన నెయ్యిని మేకల దొడ్లో ఒలకబోస్తే ఎలా ఉంటుందో అలాంటి వాసన. సబ్బులు అరగదీశాడు, సున్నిపిండితో తోముకున్నాడు, కుంకుడుకాయలు కుమ్మరించాడు. అది మాత్రం ఆయన్ని వదల్లేదు.

చదువు తెచ్చిపెట్టిన వాసన అది. బెజవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు ఆయన. పిహెచ్‌డీ కోసం వాల్తేరులోని గైడు అప్పజెప్పిన పని, మూర్ఛకి కొత్త మందు వెతకడం. వెతకడమంటే అడవిలో వేళ్ళు తవ్వడం కాదు. ఒక పదార్థం తయారుచెయ్యాలి. దాని కర్బనాల గొలుసుకి ఇంకో కర్బనం తగిలించాలి, లేదా ఒకటి పీకి మరోచోట పెట్టాలి. అలా చేసిందల్లా వాల్తేరు పంపితే, అక్కడ చిట్టెలుకలకి పట్టించి, కరెంటు తగిలించి, ఏది గిలగిల కొట్టుకుందో, ఏది కొట్టుకోలేదో చూస్తారు. చివరికి చేతికొచ్చేది తెల్లటి పొడి, దానికి వాసనే ఉండదు. కానీ దానికి ముందు చెయ్యాల్సిన ఆమ్లాలున్నాయే, అవి పరమ కంపు. ఒక్క బొట్టు చేతిమీద పడిందా, వారం వదలదు.

జై ఆంధ్ర గొడవల్లో కాలేజీలు మూతపడి అందరూ ఊళ్ళకి పోతే, పోవడానికి ఊరు లేని ఏసుపాదం ప్రిన్సిపాల్ని బతిమాలి లేబొరేటరీ తాళం పుచ్చుకున్నాడు. కన్నవాళ్ళు చిన్నప్పుడే పోతే మిషన్ హాస్టల్లో పెరిగిన మనిషి. నెలల తరబడి ఆ గాజుసామాను మధ్య ఒక్కడే పనిచేశాడు. సాయంత్రమయ్యేసరికి తన గొంతు తనకే కొత్తగా వినపడేది.

ఉండేది గవర్నర్‌పేటలో, చీరల కొట్టు మేడమీద గదిలో. కొట్టు ఆసామి ఆదిశేషయ్య నేతపని కుటుంబంవాడు, మర్యాదస్తుడు. కండువా ముక్కుకి అడ్డం పెట్టుకునైనా సరే రోజూ పలకరించేవాడు. ఒకనాడు ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. పెళ్ళిచీరలండి మావి. నిన్న ఒకావిడ మడత విప్పి, ఇందులో పిల్లి గాని చచ్చిందా అనడిగిందండి."

ఏసుపాదం ఆ పూటే డాబామీది రేకుల షెడ్డులోకి మారిపోయాడు. ఆదిశేషయ్య అద్దె తగ్గించాడు. ఆ తరవాత పలకరింపులూ తగ్గాయి.

పటమట గుళ్ళో మగవాళ్ళొకవైపు, ఆడవాళ్ళొకవైపు చాపలమీద కూర్చునేవారు. మగవాళ్ళలో గుమ్మం దగ్గర చివరి చాప ఏసుపాదానిది. ఆడవాళ్ళ చివరి చాప మీద మార్త, ఆమె తల్లి రూతమ్మ. రూతమ్మ బడిలో ఆయా, భర్త లేడు. మార్త జాకెట్లు కుడుతుంది. మార్తకి మూర్ఛ. అంటుకుంటుందేమోనని ఆ చాపవైపు కూడా ఎవరూ వెళ్ళరు. ప్రేమ గురించి అయ్యగారు చెప్పే ప్రసంగం మాత్రం అందరూ తలలూపుతూ వినేవారు.

ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో మార్త పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. "తాళాలు చేతిలో పెట్టండి!" అని ఒకరు, "ఉల్లిపాయ కొట్టి వాసన చూపించండి!" అని ఇంకొకరు. తాళాలున్నాయి గానీ గుళ్ళో ఉల్లిపాయెక్కడిది? సంఘపెద్ద అబ్రహాముగారి చూపు చివరి చాపమీద పడింది.

"ఉల్లిపాయెందుకర్రా, మాస్టారున్నారుగా!"

నలుగురూ ఆయన్ని లాక్కొచ్చి, చొక్కా చెయ్యి మార్త ముక్కుకి ఆనించారు. మూర్ఛ ఏ వాసనకీ ఆగదు. దానంతట అదే వస్తుంది, దానంతట అదే పోతుంది. ఆ రోజూ అలాగే పోయింది. అయితే మార్త కళ్ళు తెరిచేసరికి ముక్కు దగ్గర ఏసుపాదం చెయ్యి ఉంది. కాకి వాలింది, తాటిపండు పడింది. ఇక ఎవరికి చెప్పి ఒప్పించగలం?

మరుసటి ఆదివారం రూతమ్మ తన చాపని ఈడ్చుకొచ్చి ఆయన చాప పక్కనే పరిచింది. ఆరాధనయ్యాక భోజనానికి ఇంటికి తీసుకుపోయింది. ఏసుపాదం చేపలపులుసు తింటూనే నిజం చెప్పాడు. "వాసనలో ఏమీ లేదండి. దీనికి మాత్రలున్నాయి, డాక్టరుకి చూపించండి." రూతమ్మ చూపించింది, మార్త మాత్రలు వేసుకుంది. మూర్ఛ రావడం ఆగింది. పేరు మాత్రం వాసనకే వచ్చింది.

ఏడాదిపాటు ఏసుపాదం ఆదివారాలకోసమే బతికాడు. తనకోసం ఒక ఇంట్లో కంచం పెడుతున్నారు. మార్త మిషను తొక్కుతూ కాలేజీ కబుర్లు అడుగుతుంది, ముక్కు మూసుకోకుండా నవ్వుతుంది. అంతకుమించి ఆయన ఆశపడలేదంటే నేను నమ్మను గానీ, నోరు తెరిచి అడగలేదన్నది నిజం.

వాల్తేరులో ఫలితం తేలిన రోజు ఆయన రైలు దిగి తిన్నగా పటమట వచ్చాడు. జేబులోంచి తెల్లటి పొడి ఉన్న చిన్న సీసా తీశాడు.

"నిటారు గొలుసులకి ఎలుకలు లొంగలేదు మార్తా. అవే కర్బనాలు, అన్నే కర్బనాలు. మధ్యకి రెండు కొమ్మలుగా చీల్చిపెడితే మాత్రం ఎలుక నిమ్మళంగా కూర్చుంది!"

"సరుకదే కదండీ? రూపు మారితే గుణం మారుతుందా?"

"కృష్ణని చూడు. ఆనకట్ట దగ్గర అటో కాలవ, ఇటో కాలవ చీలబట్టి చేలకి పారుతోంది. లేకపోతే అవే నీళ్ళు తిన్నగా సముద్రంలో కలుస్తాయి."

"అయితే ఇది నాకూ పనిచేస్తుందాండీ?"

"ఎలుకకి మేలు చేసింది మనిషికి చేస్తుందని లేదు. తేలడానికి ఏళ్ళు పడుతుంది. అందాకా నీ మాత్రలే నీకు."

మార్త తల దించుకుంది. రూతమ్మ అందుకుంది. "ఈస్టరు నించి మానిపించేశా బాబూ. అవేసుకుంటే పిల్ల మత్తుగా పడుంటోంది, కుట్టుపని సాగట్లేదు. అయినా మీరున్నారుగా."

ఏసుపాదానికి తెలుసు. మాత్రలు మానేస్తే ఈసారి వచ్చే మూర్ఛ ప్రాణంమీదికే రావచ్చు. సీసా మూత తీసి రూతమ్మకిచ్చాడు. "వాసన చూడండి. ఉందా? మందంటే ఇదీ. నా వంటిమీదున్నది ఉత్త కంపు."

"వాసనే లేనిది ఏం మందు బాబూ!" అని ఆమె నవ్వింది. "వినయంకొద్దీ అంటారు మీరు."

బతిమాలాడు, కసిరాడు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. గవర్నర్‌పేట దాకా నడిచే వెళ్ళాడు. మీరున్నారుగా అన్న ఆ ఒక్క మాటకోసం పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ కాచుక్కూచున్నాడాయన. అది ఇన్నాళ్ళకి దొరికింది, దొరికి ఆ పిల్ల మెడకే చుట్టుకుంది. తను పక్కనున్నన్నాళ్ళూ ఆమె మాత్ర ముట్టదు.

ఆదివారం ఆయన గుడికి వెళ్ళలేదు. సాయంత్రం రూతమ్మ ఆదుర్దాగా షెడ్డు దగ్గరికొచ్చింది. ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రమ్మనలేదు.

"ఇక రాను రూతమ్మగారూ. నా వాసనని నమ్ముకోకండి. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టించండి."

"మామీద కోపమా బాబూ?"

"అవును," అన్నాడు ఏసుపాదం.

ఆమె కళ్ళొత్తుకుంటూ మెట్లు దిగిపోయింది. ఆయన ఊళ్ళో వేరే గుడి వెతుక్కుని, అక్కడా గుమ్మం పక్క చివరి చాప చూసుకున్నాడు.

ఆ పొడి పని గైడు వేరేవాళ్ళకిచ్చాడు. ఏసుపాదానికి డాక్టరేటొచ్చింది, లెక్చరరయ్యాడు. ఆమ్లాలతో పని లేకపోయేసరికి వాసన మెల్లిగా పోయింది. కొన్నేళ్ళకి ఒకరోజు బస్టాండులో బల్లమీద కూర్చునుంటే, ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. చూస్తే మార్త. ఒళ్ళు చేసింది, మెళ్ళో నల్లపూసలున్నాయి. గన్నవరంలో కుట్టుబడి పెట్టిందట.

"మాత్రలేసుకుంటున్నావా?"

"ఒక్కరోజు కూడా మాన్లేదండి. మళ్ళీ పడిపోలేదు." సంచీ ఒళ్ళోకి లాక్కుని అంది, "ఆ రోజు మీకు కోపం రాలేదని నాకు తెలుసండి. అమ్మకే తెలీదు." కాస్త వంగి, చిన్నపిల్లలా గాలి పీల్చింది. "అయ్యో, వాసన పోయిందే!"

"పోయింది," అన్నాడు.

"నాకు బానే ఉండేదండి," అంది మార్త. బస్సొస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ ఖాళీలోకి ఒక లావుపాటి ఆసామి వచ్చి, భుజానికి భుజం ఆనించి కూర్చుని పేపరు విప్పాడు. ముక్కు మూసుకోలేదు. ఒకప్పుడు ఏసుపాదం కోరుకున్నది అంతే. ఆయన లేచి పక్కన నిలబడి, గన్నవరం బస్సు పోయినవైపే చూస్తూ ఉండిపోయాడు.