పచ్చ పందిట్లో తెల్ల చీర

సఖినేటిపల్లి ఇశ్రాయేలు డిగ్రీ రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్షకు బదులు కెమెరాకు డబ్బు కట్టాడు. కొనేముందు, అమలాపురంలో ముప్పయ్యేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్న సుబ్బరాజుగారి సలహా అడిగాడు. మామూలు కెమెరా చాలనీ, మిగిలినదాంతో రెండు లైట్లు, స్టాండ్లు, వెలుగు మెత్తబడటానికి ఒక తెల్ల గొడుగు కొనుక్కోమనీ ఆయన చెప్పారు. ఇశ్రాయేలు భక్తిగా విని, మోచెయ్యంత లెన్సు కొన్నాడు. గొడుగు పట్టుకొచ్చినవాణ్ణి పెళ్లివారు ఫొటోగ్రాఫరనుకోరు కదా.

లైటు మాటకొస్తే, కెమెరా నెత్తిన ఒక ఫ్లాష్ బిగించి దాని మొహం పైకి తిప్పాడు. వెలుగు పైకప్పుకు తగిలి మెత్తగా కిందికి దిగుతుందని యూట్యూబు గురువు బోధ. సున్నం వేసిన సొంతింట్లో వాళ్లమ్మ మీద పరీక్షిస్తే ఆవిడ పదేళ్లు చిన్నదైంది.

మొదటి పెళ్లి జాస్మిన్‌ది. తల్లి జ్ఞానమ్మ కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. కూతురి పెళ్లికి సెలవు దొరకలేదు. ఆవిడ ఫోన్ చేసి అడిగింది ఒక్కటే.

"ఎవరొచ్చేరో ఎవరు రాలేదో నాకక్కర్లేదు బాబూ. మా పిల్ల మొహం నాకు బాగా కనపడాలి."

ఆయ్ అన్నాడు ఇశ్రాయేలు.

ఇంటిముందు పందిరి. పైన ఆకుపచ్చ గుడ్డ. కింద తెల్ల చీరలో పెళ్లికూతురు. ఇశ్రాయేలు గురువాజ్ఞ తప్పకుండా నాలుగొందలసార్లు వెలుగును పైకి కొట్టాడు. అది శాస్త్రప్రకారం గుడ్డకు తగిలి, గుడ్డ రంగు పూసుకుని, మెత్తగా జాస్మిన్ మీదికి దిగింది. కెమెరా తెరమీద పచ్చదనం కనబడకపోలేదు. కోనసీమలో పచ్చదనాన్ని ఎవరు శంకిస్తారు?

ఇంటికెళ్లి కంప్యూటర్లో చూస్తే పెళ్లికూతురు లేత అరిటాకు. పచ్చ తగ్గిస్తే చీర గులాబీ రంగుకు తిరిగింది, పక్కనున్న పాస్టరుగారు కందగడ్డయ్యారు. సుబ్బరాజుగారికి తీసుకెళ్లి చూపిస్తే, ఆయన కాఫీ ఇప్పించారు. తిట్టినా బాగుండేది.

ఉన్నవాటిలో మేలైనవి ఏరి కువైట్ పంపాడు. మర్నాడు జ్ఞానమ్మ ఫోన్ చేసి, ఫొటోలు బాగున్నాయంది, చీర బాగుందంది. తర్వాత గొంతు తగ్గించింది.

"పిల్లకి పచ్చకామెర్లా బాబూ?"

"కాదండి. బాగానే ఉందండి. లైటు తప్పండి అది."

"నాకు చెప్పొద్దని నీక్కూడా చెప్పేరా? వీడియోలో చూపించమంటే అత్తారి లంకలో సిగ్నల్ లేదంటన్నారు. నిరుడు మా అమ్మ పోతే, నెల్రోజులు బాగానే ఉందని చెప్పేరు నాకు."

ఇశ్రాయేలు బైబిలు మీద ప్రమాణం చేస్తానన్నాడు. ఆవిడ ప్రమాణం వద్దంది, రుజువు అడిగింది. అతని దగ్గరున్నవి ఆ ఫొటోలే.