ముహూర్తానికి పీకవలసిన సర్వరు

ఖమ్మంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో రాజ్యశ్రీని చాటుగా ‘నత్త మేడమ్’ అనేవారు. ఆ పేరు పెట్టిన ఘనుడు పరిపాలనాధికారి వెంకటరామారావు. తల్లాడ మిరప రైతు బిడ్డ అయిన రాజ్యశ్రీ, వేసిన తాళాన్ని మళ్లీ లాగి చూడనిదే గడప దిగని మనిషి. హైదరాబాదు ఉద్యోగంలోని పరుగు గిట్టక తిరిగివచ్చింది. ఆసుపత్రి సొంత క్లౌడు, అనగా అద్దాల గదిలో వరుసగా నిలిచి శాఖలన్నిటి కంప్యూటరు పనులనూ పంచుకొని మోసే సర్వర్లు, ఇప్పుడు ఆమె చేతికింద ఉన్నాయి.

వాటిలో పాతబడిన ఒకదానిని తొలగించాలి. తొలగించడమంటే వెంకటరామారావు దృష్టిలో తీగ పీకడమే. ఫ్యాను తుడవడానికైనా ముందు స్విచ్చి ఆపే ఆ మహానుభావుడికి, సర్వరు విషయంలో ఆపాటి జ్ఞానం అక్కర లేకపోయింది. అక్కరైనది ముహూర్తం! పదకొండున్నర దాటితే దుర్ముహూర్తమట. పంతులుగారు, బంతిపూలు, కొబ్బరికాయ, ఫొటోగ్రాఫరు వేళకు ముందే వచ్చారు.

రాజ్యశ్రీ ఉదయమే పని మొదలుపెట్టింది. ఆ సర్వరుకు కొత్త పనులేవీ అప్పగించకుండా కట్టడి చేసి, అందులో నడుస్తున్నవాటిని ఆగనీయకుండానే ఒక్కొక్కటిగా మిగతా సర్వర్లకు తరలించింది. అన్నీ కదిలాయి, భద్రాచలం శాఖ డయాలసిస్ విభాగానిది తప్ప. ఎవరికి ఏ మందు పడదో, ఎవరి ఒంటినుంచి ఎంత నీరు తీయాలో చెప్పేది అదే. అడవి ఊళ్లనుంచి తొలి బస్సుకు వచ్చినవారు అప్పటికే అక్కడ మంచాలెక్కారు. వారి వివరాలు క్షణక్షణం నమోదవుతుండడంతో, ఇక్కడ ఎంత నకలు తీసినా అంతలోనే కొత్తది చేరుతోంది.

“ఏందమ్మా, ఇంకా కాలే?” అంటూ వచ్చాడు వెంకటరామారావు.

“కాలే సార్. భద్రాచలం డయాలసిస్ ఇంకా దీంట్లనే నడుస్తుంది.”

“బంద్ చేసి మల్ల ఆన్ చెయ్. మా ఇంట్ల టీవీకి గట్లనే చేస్తం.”

“మీ టీవీ పక్కన సూదులు గుచ్చి ఎవర్నీ పండబెట్టలే కదా సార్!”

ఫొటోగ్రాఫరు నవ్వబోయి దగ్గాడు. అధికారిగారి ముఖం కందింది. “నీ నత్త నడకకు ముహూర్తం ఆగదు” అని ఆయనే వంగి తీగ పట్టుకున్నాడు. నకలు పూర్తికాకుండా ఆ తీగ ఊడితే, మంచాలమీది మనుషుల వివరాలు వైద్యులకు కనబడవు. పై అధికారికి విజ్ఞానం బోధించే సమయం కాదది. రాజ్యశ్రీ మాట మార్చింది.

“సార్, మొన్న చవితికి మీ అపార్టుమెంటుల వినాయకుణ్ణి ఉద్వాసన చెప్పకుంటనే లేపిన్రా?”

“ఛ ఛ! స్వామి లోపలుండంగ ఎట్ల లేపుతరమ్మా?”

“దీంట్ల భద్రాచలం పేషెంట్లు ఉన్నరు. నేనింకా ఉద్వాసన చెప్పలే.”

పంతులుగారు తల పంకించారు. “అమ్మాయి చెప్పింది సబబే. చెప్పకుండా కదిపితే దోషం.”

వైద్యమూ విజ్ఞానమూ కదపలేని చెయ్యి, దోషమనగానే తీగను వదిలింది. రాజ్యశ్రీ భద్రాచలం టెక్నీషియను వీరబాబుకు ఫోను చేసింది.

“వీరబాబూ, నేను చెప్పేదాకా కంప్యూటర్ల ఏం కొట్టకు. కాయితం మీద రాయి.”

“సరే మేడమ్. మరి మిషన్లు?”

“మిషన్లు నడవనీ.”

నమోదు ఆగింది, నకలు అందుకుంది, డయాలసిస్ పని కూడా మరో సర్వరుకు చేరింది. సర్వరు ఖాళీ అయిందని ఆమె రెండుమార్లు సరిచూసింది. దాని సేవను ఆపి, క్లౌడు జాబితాలో పేరు కొట్టివేసి, అప్పుడు కరెంటు కట్టేసింది.

“ఇగ పీకుండ్రి సార్.”

వెంకటరామారావు గడియారం చూసి వెనక్కు జరిగాడు. “ఇప్పుడా? దుర్ముహూర్తం సొచ్చింది! నేను ముట్ట.”

రాజ్యశ్రీ తానే వంగి తీగ లాగింది. ఫొటో తీయమని ఎవరూ చెప్పకపోవడంతో ఫొటోగ్రాఫరు కెమెరా సంచిలో పెట్టుకున్నాడు. అంతలో ఫోను మోగింది.

“మేడమ్, కాయితం నిండింది. ఇగ కొట్టాల్నా?”

“కొట్టు. అందరు మంచిగున్నరా?”

“మంచిగున్నరు. ఒక తాత బస్సు పోతదని లొల్లి పెడుతుండు.”