గుమ్మడికాయకు మొదటి గాటు

మాది అవనిగడ్డ దగ్గర పల్లె. మా ఆయన పోయాక మొదటిసారి పెరట్లో గుమ్మడికాయ కాసింది. ఆ కాయతో కుక్కరులో అమెరికావాళ్ల తీపి రొట్టె చేయడం మనవరాలు ఫోనులో చెప్పింది. కానీ మా వైపు నిండు గుమ్మడికాయకు మొదటి గాటు మగవాళ్లే పెట్టాలి. ఇన్నాళ్లూ ఆయనే పెట్టేవారు.

కాయ ఎత్తుకుని పక్కింటికి వెళ్లాను. "బాబాయిగారూ, ఒక్క గాటు పెట్టండి" అన్నాను. ఆయన లేచేలోపే వాళ్లావిడ అరిచింది: "గుడివాడ బయల్దేరే మనిషికి నువ్వే ఎదురురావాలా?" వీధంతా చూసింది.

ఇంటికొచ్చి మనవరాలికి ఫోను చేశాను. "ఈ రొట్టె పుట్టిన అమెరికాలో కాయ ఎవరు కోస్తారే?"

"ఎవరికి ఆకలేస్తే వాళ్లు, అమ్మమ్మా!"

కాయ ముందు పెట్టుకుని కత్తి పట్టుకున్నాను. "ఏవండీ, నేనే కోస్తున్నా" అని చెప్పి గాటు పెట్టాను.

రొట్టె చక్కగా పొంగింది. తిని బాగుందనే మనిషి లేక మీ పత్రికకు ఈ ఉత్తరం రాయిస్తున్నాను.